దొరగారి దగ్గరాట

పెన్షను పుచ్చుకుని ఇంట్లో కూర్చున్న మనిషి కనబడితే చాలు, కుర్ర ఉద్యోగులకు ఒక ప్రశ్న అడగబుద్ధేస్తుంది. "మాస్టారూ, మీ సర్వీసు మొత్తంలో మీరు చేసిన గొప్ప పనేమిటి?" అంటారు. పులిని కొట్టానేమో, దొంగకలప పట్టించానేమో అని వాళ్ల ఆశ. నేను నిజమే చెబుతాను. అరకు కొండల మీద ఒక దొరగారి గోల్ఫు హ్యాండికాప్ తగ్గించానంటాను. వాళ్లు మర్యాదగా కాఫీ తాగేసి లేస్తారు. మళ్లీ ఆ వీధిలోకి రారు. అందుకని ఇది కూర్చుని రాసి పెడుతున్నాను. చదవడం మొదలెట్టినవాళ్లు మొహమాటానికైనా చివరిదాకా ఉంటారని నా నమ్మకం.

ఇది పంతొమ్మిది వందల ఇరవైల చివరి సంగతి. ఇప్పుడు మీరు బస్సెక్కి ఓ కునుకు తీసి లేచేసరికి అరకు వచ్చేస్తుంది. రైలు కూడా వేస్తున్నారని వింటున్నాను. మా రోజుల్లో శృంగవరపుకోటలో ఎడ్లబండి ఎక్కేవాళ్లం. అనంతగిరి ఘాటీ దగ్గర బండి దిగి దాన్ని మేమే తోసేవాళ్లం. అలా బండిని తోసుకుంటూ నేను అడవి శాఖ దొరగారి దగ్గర క్యాంపు గుమాస్తాగా చేరాను. అప్పటికి నాకు కొత్తగా పెళ్లయింది. అయిందన్న మాటే గాని, పెళ్లాం విజయనగరంలో, నేను మన్యంలో. మా అత్తగారు ఒకటే మాట మీద నిలబడ్డారు. "మన్యం జ్వరానికి అల్లుణ్ణి ఇచ్చాను కదా, చాలదా? కూతుర్ని కూడా ఇవ్వలేను. దిగువకి బదిలీ చేయించుకోండి, ఆ మర్నాడే పంపిస్తాను" అన్నారు. ఇంక నాకు జీవితంలో కావలసింది ఒక్క బదిలీ. అది దొరగారి చేతిలో ఉంది. దొరగారి చేతిలో ఏమో గోల్ఫు కర్ర ఉంది.

మా దొర మంచివాడే. తెలుగు పరీక్ష ప్యాసైనవాడు. ప్యాసైన తెలుగు పుస్తకాల తెలుగు కాబట్టి, "ఓ గుమాస్తా, నా టోపీ యెచ్చట నున్నది?" అని అడిగేవాడు. ఇంకో పెద్ద పరీక్ష మిగిలి ఉందని నాతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడేవాడు. పగలంతా అడవి పని, సాయంత్రం గోల్ఫు. కొండల మధ్య వలిసెలు కోసేసిన పొలాల్లో అక్కడొకటి ఇక్కడొకటి మూడు గోతులు తవ్వించి, జెండాలు పాతించుకున్నాడు. దిగువ క్లబ్బుల్లో గోతి చుట్టూ పచ్చగడ్డి పెంచుతారట. ఇక్కడ గడ్డి పెంచితే ఆవులు మేసేవి. ఆవులను తోలితే మేకలు వచ్చేవి. చివరికి ఊరివాళ్ల ఖాళీ కళ్లాలనే వాడుకునే ఏర్పాటు అయింది. చోళ్లు, అంటే రాగులు, నూర్చే కళ్లం పేడతో, ఎర్రమట్టితో అలికి ఉంటుంది కదా, దాని మధ్యన గొయ్యి. కళ్లాలు అలికే ఆడవాళ్లకి పెద్ద ఆ ఊరి అవ్వ ఒకామె. చుట్ట నోట్లోంచి తియ్యకుండానే అందరికీ పనులు చెప్పేది.

హ్యాండికాప్ అంటే ఏమిటో తెలియని వారికి ఒక మాట. మనిషి ఎంత చేతకానివాడో చెప్పే అంకె అది. మన ఆఫీసుల్లో సీనియారిటీ పెరిగిన కొద్దీ గౌరవం పెరుగుతుంది. అక్కడ ఈ అంకె తగ్గిన కొద్దీ గౌరవం. మా దొరది ఎంత ఉండేదో చెప్పడం బాగుండదు. దూరం కొట్టడంలో మాత్రం ఆయనకి వంక పెట్టడానికి లేదు. బంతిని కొడితే అది కొండ కొసన కనబడేది. గోతి దగ్గరికి వచ్చేసరికే అసలు తంటా. నలుగురు పడుకునేంత దూరంలో బంతి ఉంటే, ఆయన వంగి, కన్ను మూసి, కన్ను తెరిచి, మెల్లిగా తోసేవాడు. అది గోతి పక్కనుంచి పోయేది. అటునుంచి తోస్తే ఇటు వచ్చేది. ఇంగ్లీషులో ఈ చివరి భాగానికి ఏదో పేరుంది గాని, మేం దాన్ని దగ్గరాట అనేవాళ్లం.

ఏటేటా చలికాలం పోయాక దిగువ నుంచి పెద్దదొర తనిఖీకి వచ్చేవాడు. జుట్టు నెరిసిన మనిషి. జిల్లా అంతా తిరిగినవాడు కావడంతో బండివాళ్ల తెలుగు కూడా తెలుసు. తనిఖీ ఒక పూట, గోల్ఫు ఒక పూట. ఆయన దూరం కొట్టలేడు గాని, బంతిని గోతి దగ్గరికి తెచ్చాడంటే ఇంక దాని పని అయిపోయినట్టే. ప్రతి ఏడూ మా దొర ఓడిపోయేవాడు. ఓడిపోయాక నెలరోజులు ఏ కాగితం మీదా సంతకం పెట్టేవాడు కాదు. అలాంటి నెలల్లోనే నా బదిలీ అర్జీ రెండుసార్లు తిరిగొచ్చింది.

ఒకరోజు నేను ధైర్యం చేసి మళ్లీ అడిగాను. దొర కిటికీలోంచి జెండా కేసి చూశాడు. "ఓ గుమాస్తా! ఈ యేడు పెద్దదొరను జయించినచో నిన్ను కోరిన చోటికి పంపెదను" అన్నాడు. ఆ సాయంత్రం నుంచి ఆయన ఆట నా కాపురం అయింది.

ఇంగ్లండు సీమ నుంచి ఒక పుస్తకం తెప్పించాడు, దగ్గరాట ఎలా ఆడాలో నేర్పేది. ఆయన కర్ర పట్టుకుని నిలబడితే నేను పక్కన నిలబడి చదవాలి. చదవడం కూడా ఉన్నదున్నట్టు కాదు, అప్పటికప్పుడు ఆయన పరీక్ష తెలుగులోకి మార్చి చదవాలి. "శిరస్సు ఎత్తవలదు!" అనేవాణ్ణి. "మణికట్టు విరువవలదు! బంతి గోతిలో పడిన సవ్వడి వినువరకు చూపు మరల్చవలదు!" ఆఫీసులో ఆ మనిషి ముందు గట్టిగా తుమ్మడానికి కూడా భయపడే నేను, సాయంత్రమయ్యేసరికి ఆయన నెత్తి మీద నిలబడి వలదు వలదు అని గద్దించేవాణ్ణి. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. మరీ హుషారు వచ్చిన రోజున పుస్తకంలో లేనివి కూడా ఒకటి రెండు వలదులు కలిపేవాణ్ణి.

దారిన పోయే ఊరివాళ్లు ఆగి చూసేవారు. అవ్వ ఒకరోజు నన్ను పక్కకి పిలిచింది.

"ఏటి బాబూ, దొరని అలగ కసురుతన్నావు? నీకు బయం నేదా?"

"ఆయనే కసరమన్నాడే, అవ్వా."

"ఓలమ్మ! అయితే నువ్వే పెద్దోడివన్నమాట" అంది. మర్నాటి నుంచి ఊళ్లో నాకు దండాలు మొదలయ్యాయి.

ఈ చదువులో నాకు జోడీ ఒకడు ఉండేవాడు, దొరగారి బట్లరు. విశాఖపట్నం మిషను చర్చి మనిషి. ఇదివరకు క్లబ్బులో వంట చేసినవాడు కాబట్టి గోల్ఫు తన చేతుల మీదుగానే పుట్టిందన్నట్టు మాట్లాడేవాడు. "గుమాస్తాగారూ, పుస్తకంతో పని కాదండి. చేతికి అలవాటు చెయ్యాలండి. ఆవకాయ కలిపే చెయ్యి చూసుకుని కలుపుతుందా?" అనేవాడు. పగటిపూట బంగళా వరండాలో బియ్యం కొలిచే సోలను పడుకోబెట్టి దొరచేత నిమ్మకాయలు తోయించేవాడు. తర్వాత స్నానాల తొట్టి అడ్డంపెట్టి, బంతిని దాని మీదుగా ఎగరేసి తెరిచిన గొడుగులో పడెయ్యమనేవాడు. చిన్న దెబ్బ, పొట్టి ఊపు, బంతి దిగాక మిగతా దూరం అదే దొర్లాలి అనేది వాడి సూత్రం. మొదటి వారం గొడుగులో పడినవాటికన్నా సూపు గిన్నెలో పడినవి ఎక్కువ. తర్వాత్తర్వాత దొర చెయ్యి కాస్త కుదిరింది. ప్రతిరాత్రీ భోజనం పెట్టేముందు బట్లరు దొర చేతుల కోసం ప్రార్థన చేసేవాడు. దొర తన ఆకలి కోసం చేస్తున్నాడనుకుని ఆమెన్ అనేవాడు.

వరండాలో నిమ్మకాయ సోలలో పడుతోంది గాని, కళ్లం మీద బంతి మాత్రం పాత దారిలోనే పోతోంది. నాకు నిద్ర పట్టేది కాదు. విజయనగరం నుంచి వచ్చినవాళ్లెవరైనా మా ఆవిడ కబురు తెచ్చేవారు. "ఏటి, ఇంకా ఆ దొర బంతి పడనేదా?" అని అడిగిందట. అక్కడ కూడా అందరికీ తెలిసిపోయింది, నా సంసారం ఒక బంతి మీద ఆగి ఉందని.

అంతలో అకాలవర్షం ఒకటి కురిసి కళ్లాలన్నీ గుంటలు పడ్డాయి. అవ్వా వాళ్లూ వచ్చి కొత్త మట్టి పోసి, దిమ్మిసా కొట్టి, మూడింటినీ మళ్లీ అలికారు. ఆరాక దొర వెళ్లి వంగాడు. నేను "శిరస్సు ఎత్తవలదు" అన్నాను. బంతి దొర్లి దొర్లి, కొంచెం ఆలోచించినట్టు ఆగబోయి, గోతిలో పడింది. దొర నమ్మలేదు. ఇంకోటి తోశాడు. అదీ పడింది. పక్కనుంచి తోసినా పడింది. ఆ సాయంత్రం దొర టోపీ గాలిలోకి ఎగరేస్తే అది చెట్టుకి చిక్కుకుంది.

ఇంక మా ముగ్గురి గర్వం చూడాలి. దొర తన నిలబడే తీరు కుదిరిందన్నాడు. బట్లరు ఇదంతా ప్రార్థన ఫలం అన్నాడు. నాకైతే ఏ అనుమానమూ లేదు, నా వలదుల వల్లే. నా కంఠంలో ఏదో మహిమ ఉందని గట్టిగా నమ్మాను. మా ఆవిడకి పెట్టె సర్దుకోమని కబురు చేశాను.

పెద్దదొర వచ్చాడు. తనిఖీ ఎప్పటికన్నా తొందరగా ముగిసింది. మర్నాడు పొద్దున్నే ఆట మొదలు, ఆ మూడు గోతుల మీదే ఆరు చుట్లు. ఊరంతా కళ్లాల చుట్టూ చేరింది. అవ్వ, ఆడవాళ్లు ముందు రోజే మూడు కళ్లాలూ అలికి, అంచులకి ముగ్గులు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. వచ్చింది చుట్టం కదా.

మొదటి కళ్లం దగ్గర మా దొర బంతి చక్కగా పడింది. నేను బట్లరు వంక చూసి కన్ను గీటాను. తర్వాత పెద్దదొర వంగాడు. ఆయనదీ పడింది. సరే, ఆయన చెయ్యి మంచిదే కదా అనుకున్నాను. రెండో కళ్లం దగ్గర పెద్దదొర బంతి అంచున ఆగింది. ఆయన తోసినప్పుడు అది దారి తప్పి పక్కకి పోయింది. నా గుండె తేలికపడింది. అంతలో ఆ బంతి మనసు మార్చుకుని వెనక్కి తిరిగి, గోతి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, పడింది. పెద్దదొర కూడా ఆశ్చర్యపోయి తన కర్రని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఎలా కొట్టినా పడటమే. ఒకటి తుమ్ముతూ కొట్టాడు, అదీ పడింది.

నేను జనంలోంచి తప్పించుకుని అవ్వ దగ్గరికి పరిగెత్తాను.

"అవ్వా, ఆయన బంతి కూడా పడిపోతోందేమిటి?"

అవ్వ చుట్ట తీసింది. "పడదేటి మరి? వానకి కల్లం పాడయినప్పుడు అంచులు ఎత్తు సేసినాం, మద్దెన లోతు సేసినాం. సూసినోలకి తెల్దు గాని బంతికి తెలుత్తాది."

"ఎందుకు చేశారు?"

"మీ దొర రోజూ వంగి వంగి దానిని బతిమాలుతంటే సూడనేకపోయినాం బాబూ. నువ్వూ అరిసి అరిసి గొంతు పోగొట్టుకుంతన్నావు."

నా కంఠంలో మహిమ అక్కడికక్కడే ఆవిరైపోయింది. "పోనీ, ఈ రోజుకి ఆయనకి పడకుండా చెయ్యలేకపోయావా?" అన్నాను.

అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇంటి దొరకి పడి సుట్టం దొరకి పడకపోతే అది మరియాదేనా? సదువుకున్నావు, ఆ మాత్రం తెల్దేటి?"

నేను మళ్లీ జెండా దగ్గరికి పరిగెత్తాను. ఆట సమానంగా చివరి చుట్టులో చివరి కళ్లం దాకా వచ్చేసింది. పెద్దదొర బంతి చోళ్ల మొదళ్లలో పడింది. అక్కడినుంచి చిన్న దెబ్బ కొట్టి ఎగరేశాడు. అంచు మీద దిగింది, దొర్లింది, పడింది. జనం ఈలలు వేశారు. చుట్టం బాగా ఆడినందుకు ఊరివాళ్లకి సంతోషం. ఇంక మా దొర ఒక్క దెబ్బలో వేస్తే సమానం, లేకపోతే ఓటమి. గెలుపు ఆశ లేదు. కనీసం ఓడకపోతే మళ్లీ అడగొచ్చని నా ఆశ. ఓడిపోతే నా అర్జీ గతి నాకు తెలుసు.

దొర వంగాడు. నెలల తరబడి నేర్చుకున్నదంతా మరిచిపోయి, కర్ర ఊపుతూ తల ఎత్తబోయాడు. నాకు పుస్తకం తెలుగు ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. మా వీధి తెలుగే నోట్లోంచి ఊడిపడింది.

"తల దించెహే!"

కొండలు కూడా ఆ మాటనే తిరిగి అన్నాయి. నా గొంతుకి అలవాటుపడ్డ దొర టక్కున తల దించాడు. బంతికి దెబ్బ గట్టిగానే తగిలింది. అది గోతి దాటి అవతలి అంచు ఎక్కింది. అక్కడ ఒక క్షణం నిలబడి నా పెళ్లాన్ని, నన్ను తలుచుకుందేమో, వెనక్కి దొర్లి గోతిలో పడింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. పదిమందిలో, పై అధికారి ఎదుట, ఒక గుమాస్తా దొరని అలా అన్నాడు. మా దొరకి ఆ తెలుగు పరీక్షలో రాలేదు కాబట్టి ఆయనకేమీ తెలియలేదు. పెద్దదొరకి పూర్తిగా తెలిసింది. బట్లరు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలెట్టాడు, ఈసారి నా కోసం.

పెద్దదొర నా దగ్గరికి వచ్చాడు. "నువ్వేనా రోజూ ఈయన్ని ఇలా తిడతన్నావు?" అన్నాడు.

"ఆయనే... తిట్టమన్నారండి" అన్నాను.

ఆయన పడీ పడీ నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, మా దొరతో ఇంగ్లీషులో అన్నాడు. ఇన్నేళ్ల సర్వీసులో తనని ఒక్కడూ ఇలా కసరలేదట. అందుకే తన ఆట ఎదగలేదట. ఈ మనిషిని తను తీసుకుపోతాడట. మా దొర మొహం వాడిపోయింది. గెలవనూలేదు, ఓడనూలేదు, గురువు మాత్రం పోయాడు. పై అధికారి అడిగితే కాదనలేడు కదా. అలా, గెలుపుతో రావలసిన బదిలీ నాకు ఒక తిట్టుతో వచ్చింది.

దిగువకి వచ్చాను. అత్తగారు మాట నిలబెట్టుకున్నారు. నాలుగు నెలలు రాజాలా కాపురం చేశాను. ఉద్యోగం కూడా రాజాలాంటిదే. రోజూ సాయంత్రం క్లబ్బు మైదానంలో పెద్దదొర పక్కన నిలబడి, "ఏటా తొందర? చెయ్యి బిగించకు! తల దించెహే!" అని అరవడమే. తోటి గుమాస్తాలు కంచె అవతల నిలబడి చెమటలు తుడుచుకునేవారు. అయితే ఆ మైదానం పళ్లెంలా చదును. అక్కడ అవ్వ లేదు. ఎంత తిట్టినా బంతి పడలేదు, పైగా పెద్దదొర చేతిలో ఉన్న పాత సుళువు కూడా నా అరుపులకి బెదిరి పారిపోయింది. అసలు సంగతి చెబుదామని ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. కొండ మీద ఆయన పడిన సంతోషం గుర్తొచ్చి మింగేశాను.

చివరికి ఆయనే తేల్చాడు. "లోపం నీలో లేదు. నేలలో ఉంది" అన్నాడు. నా సర్వీసులో ఒక దొర నోట నేను విన్న మాటల్లో అంత నిజమైనది ఇంకోటి లేదు. కొండ నేలకి, కొండ గాలికి ఏదో గుణం ఉందని, తను వచ్చినప్పుడల్లా ఆడుకునేందుకు ఆ కొండ మైదానం కనిపెట్టుకుని ఉండమని నన్ను మళ్లీ మన్యానికి పంపించాడు.

ఆ సాయంత్రం ఇంటికి ఎలా వెళ్లానో నాకే తెలియదు. అత్తగారు అప్పటికే కబురు విని వచ్చి, కూతురి బట్టలు మడత పెడుతున్నారు, విజయనగరం తీసుకుపోవడానికి. నేను గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాను. మా ఆవిడ లోపలినుంచి వచ్చి, ఆ బట్టలన్నీ లాక్కుని నా రేకుపెట్టెలో కుక్కింది.

"ఏటి, నన్నొగ్గేసి ఎల్దామనే?" అంది నాతో.

"మీ అమ్మగారు..."

"దొరలని తల దించమన్నారు గాని, మాయమ్మకి ఒక్క మాట సెప్పనేకపోయారు. నానే సెప్పేసినాను. దోమలు ఇక్కడ మాత్రం నేవేటి? బేగి పదండి, ఘాటీ కాడ బండి తొయ్యాల."

ఘాటీలో నా పక్కన నిలబడి ఆమె బండి తోసింది. నాకన్నా బాగా తోసింది. పైన దొరగారు ఎదురొచ్చి, "ఓ గుమాస్తా! నీవు లేక నా శిరస్సు నిలువకున్నది" అని కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు. మా క్వార్టరు మట్టి ఇల్లు. అవ్వ ఆడవాళ్లతో వచ్చి, మా ఆవిణ్ణి గడ్డం పట్టుకుని చూసింది.

"ఈ గుంట కోసమా దొరని అన్ని తిట్లు తిట్టినావు? బాగుంది. పరవానేదు" అని, ఇల్లంతా కొత్త మట్టి పోసి అలికిపోయింది.

ఆ సాయంత్రం మా ఆవిడ చేతిలోంచి నిమ్మకాయ జారింది. అది దొర్లుకుంటూ వచ్చి ఇంటి నడిమధ్యన ఆగింది. ఇంకోటి వేసి చూశాను. అదీ అక్కడికే వచ్చింది. ఆ ఇంట్లో మేం చాలా ఏళ్లు ఉన్నాం. జ్వరాలూ వచ్చాయి, పోయాయి. చెంబు పడితే మధ్యకి, పిల్లాడు పాకితే మధ్యకి. అలిగి ఆవిడ ఒక మూల చాప వేసుకుంటే నేను ఇంకో మూల వేసుకునేవాణ్ణి. తెల్లారేసరికి ఇద్దరం నిమ్మకాయల్లా ఇంటి మధ్యన ఉండేవాళ్లం. ఒకసారి మా ఆవిడ నేల చదును చెయ్యమని అడిగితే, "ఎందుకమ్మా? కాపరానికి ఇదే బాగుంతాది" అని అవ్వ చుట్ట వెలిగించుకుంది.

ఇప్పుడు మాది సిమెంటు గచ్చు. కొడుకు ముచ్చటపడి వేయించాడు, పైసా వంకర లేదు. ఈ గచ్చు మీద అలిగితే మాత్రం ఎవరి మూల వాళ్లదే, తనంత తాను ఎవరూ దొర్లి రారు. మొన్న కూరలో ఉప్పు గురించి మాటా మాటా వచ్చి, నేను వరండాలోకి పోయి తల వంచుకుని కూర్చున్నాను. చివరికి ఎదురుగా కాఫీ గ్లాసుతో రెండు పాదాలు కనబడ్డాయి.

"తల ఎత్తెహే" అంది మా ఆవిడ. "సల్లారిపోతంది."